బోస్టన్ వెళ్తున్న అమ్మాయికి ఏ కోటు, అమ్మానాన్నలకు ఏ నెల?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అమ్మాయి ఆగస్టు చివర్లో ఎమ్మెస్ చదవడానికి బోస్టన్ వెళ్తోంది. అక్కడ చలి తట్టుకోలేమని ఒకరంటే, మనలాగే సముద్రం పక్క ఊరు కాబట్టి అంత ఉండదని ఇంకొకరంటున్నారు. మంచి చలికోటు ఇక్కడే కొని పంపాలా? ఏడాది పొడుగునా వాతావరణం ఎలా ఉంటుంది? వచ్చే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాం, ఇక్కడి ఎండలు కూడా తప్పుతాయని. మావారికి మోకాళ్ల నొప్పులు, కొద్దిగా ఉబ్బసం ఉన్నాయి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: ముందు రెండు జవాబులు చెప్పేస్తాం. కోటు ఇక్కడ కొనకండి. ఏప్రిల్ టికెట్లు ఇంకా తీసుకోకపోతే తీసుకోకండి. ఈ రెండింటికీ కారణం ఒకటే, బోస్టన్ గాలులు.

"సముద్రం పక్కనే కదా" అన్నవాళ్లు విశాఖను మనసులో పెట్టుకుని అన్నారు. విశాఖలో అన్నిటికంటే చల్లని నెలకూ వేడి నెలకూ సగటున తేడా ఏడెనిమిది డిగ్రీలే. బోస్టన్‌లో ఆ తేడా దాదాపు పాతిక డిగ్రీలు. సముద్రం రెండు చోట్లా ఉంది, గాలి వచ్చే దారి వేరు. ఆ అక్షాంశాల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. బోస్టన్ ఉన్నదేమో ఖండానికి తూర్పు ఒడ్డున. దాంతో ఊరి మీదికి వచ్చే గాలి వేల కిలోమీటర్ల నేల దాటుకుని వస్తుంది, శీతాకాలంలో ఆ నేల చాలావరకు మంచు కప్పుకుని ఉంటుంది. అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఇంచుమించు అదే అక్షాంశంలో పోర్చుగల్ నగరం పోర్తో ఉంది. దానికి అదే పడమటి గాలి సముద్రం మీదుగా వస్తుంది, అక్కడ మంచు పడటమే అరుదు.

కాబట్టి పొద్దున్నే ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసేటప్పుడు పక్కనే ఉండే గాలి దిక్కు కూడా చూడటం మీ అమ్మాయికి మొదటి వారం నుంచే అలవాటు కావాలి. అక్కడ రాసే దిక్కు గాలి ఎటు నుంచి వస్తుందో చెబుతుంది. వాయవ్యం అని ఉంటే ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. చలికాలంలో కోత పెట్టే చలి ఇదే. నైరుతి అయితే వెచ్చదనం, ఎండాకాలంలో మన ఉక్కపోతకు చుట్టం. తూర్పు, ఈశాన్యం అయితే సముద్రపు గాలి. చలికాలంలో ఇది తడిని, తుపానును తెస్తుంది గానీ చలి కాస్త తగ్గిస్తుంది. వసంతంలోనేమో ఉన్న వెచ్చదనాన్ని లాగేసుకుంటుంది.

ఇంకొక చిన్న ఇబ్బంది అక్కడ ఉష్ణోగ్రతను చెప్పే ఫారన్‌హీట్ కొలత. 32 అంటే మన సున్నా, 50 అంటే 10, 68 అంటే 20, 86 అంటే 30. ఈ నాలుగూ గుర్తుంటే మధ్యవి అందాజుగా తెలిసిపోతాయి. కింద అన్నీ మన సెల్సియస్‌లోనే ఇస్తున్నాం.

ఇక నెలల సంగతి. మీ అమ్మాయి దిగే ఆగస్టు చివర్లో పగలు 26 దాకా, రాత్రి 18 దాకా ఉంటుంది. మామూలు కాటన్ బట్టలు చాలు. సెప్టెంబరు హాయిగా ఉంటుంది. అక్టోబరులో పగలు 17, రాత్రి 8 లేదా 9. నెల రెండో సగంలో ఊళ్లో చెట్లు ఎర్రబడతాయి, పసుపెక్కుతాయి. నవంబరులో పగలు 11కు పడిపోతుంది. ఆ నెల మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, దాంతో సాయంత్రం నాలుగున్నర దాటేసరికి పొద్దు గూట్లో పడుతుంది. డిసెంబరు మొదట్లో సూర్యాస్తమయం 4 గంటల 11 నిమిషాలకే. కొత్తగా వెళ్లిన పిల్లలను చలి కంటే ముందు కుంగదీసేది ఈ చీకటి. తరగతులు మధ్యాహ్నం ఉంటే పొద్దున ఒక అరగంట బయట నడవమని చెప్పండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సూర్యుడు ఎంత కిందుగా ఉంటాడంటే, ఎండలో నిలబడినా చర్మంలో విటమిన్ డి తయారు కాదు. వెళ్లేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించి, మాత్రల సంగతి డాక్టరునడగండి.

జనవరి అన్నిటికంటే చల్లని నెల. సగటున పగలు 3, రాత్రి మైనస్ 5. ఈ సగటు చూసి "ఇంతేనా" అనుకోవద్దు. బోస్టన్ చలికాలం సగటు దగ్గర కుదురుగా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది. 2023 ఫిబ్రవరి 4 తెల్లవారుజామున వాయవ్యం గాలితో మైనస్ 23కు పడిపోయింది. మరునాటి మధ్యాహ్నానికి సున్నాకు బాగా పైకి వెళ్లింది. గాలి మారింది, అంతే. అలాంటి రోజుల్లో వార్తల్లో "విండ్ చిల్" అనే అంకె చెబుతారు, గాలి వేగాన్ని కలుపుకుని ఒంటికి తగిలే చలి అది. అది మైనస్ 28 దగ్గర ఉంటే కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది. చెవులు, ముక్కు కొస, వేళ్ల చివర్లు తెల్లబడి మొద్దుబారితే అదే గుర్తు. వెంటనే లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. రుద్దకూడదు, హీటరు ముందు కాచుకోకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

మంచు లెక్క ఇంకా విడ్డూరం. లోగన్ విమానాశ్రయంలో కొలిచిన 30 ఏళ్ల సగటు చలికాలానికి 49 అంగుళాలు. కానీ 2011-12లో మొత్తం 9 అంగుళాలు దాటి కొద్దిగా పడితే, 2014-15లో 110 అంగుళాలు దాటింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రైళ్లు కూడా ఆపేశారు. వీధుల్లో ఎత్తి సీపోర్టు అనే పేటలో పోసిన మంచుగుట్ట పూర్తిగా కరిగేసరికి జూలై 14 అయింది. అందుకే పోయినేడు వెళ్లిన పిల్లలు "అబ్బే, మంచే పడలేదు" అని చెబితే దాన్ని నమ్ముకుని బూట్లు కొనడం మానకూడదు.

పెద్ద మంచు తెచ్చేది "నారీస్టర్" అనే తుపాను. ఒడ్డుకు కొంత దూరంలో సముద్రం మీద ఉత్తరానికి కదిలిపోతూ, ఊరి మీదికి ఈశాన్యం గాలిని విసురుతుంది. ఇక్కడే అంచనాలు తప్పుతుంటాయి. ఫిబ్రవరిలో సముద్రపు నీరు 4, 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని మీదుగా వచ్చిన గాలి ఒడ్డున సున్నాకు ఒక డిగ్రీ పైన ఉంటే వాన, ఒక డిగ్రీ కింద ఉంటే మంచు. తుపాను దారి ఏ యాభై కిలోమీటర్లో పక్కకు జరిగితే ఈ గీత కూడా జరుగుతుంది. లోగన్ విమానాశ్రయానికి మూడు వైపులా నీరే, టీవీలో చెప్పే అంకె అక్కడిది. మీ అమ్మాయి ఇల్లు పడమటి శివార్లలో ఉంటే వార్తల్లో వాన అని చెప్పిన రోజునే ఇంటి ముందు మోకాలి లోతు మంచు ఉండొచ్చు. తన పిన్‌కోడ్ కొట్టి జాతీయ వాతావరణ సేవ సైటులో గంటగంటకూ ఇచ్చే అంచనా చూసుకోవాలి. ఊళ్లో ఉన్నప్పుడు పాత జాన్ హాన్‌కాక్ భవనం కొసన దీపం చూసినా చాలు. నీలం నిలకడగా ఉంటే నిర్మలం, ఆరి వెలుగుతుంటే మబ్బు. ఎరుపు నిలకడగా ఉంటే వాన, ఆరి వెలుగుతుంటే మంచు.

కోటు అక్కడే కొనమన్నది ఈ తడి కోసమే. ఇక్కడి దుకాణాల్లో దొరికే ఉన్నికోటు, లావుపాటి దూది జాకెట్ మనాలీ యాత్రకు సరిపోతాయి. బోస్టన్‌లో చాలా రోజులు సున్నాకు అటూ ఇటూ ఉంటుంది, పడే మంచు ఒంటి మీద పడగానే కరుగుతుంది. ఈకలు కూరిన డౌన్ జాకెట్ కూడా పైన నీరు పట్టని గుడ్డ లేకపోతే తడిసి, ఈకలు ముద్దకట్టి, వెచ్చదనం పోగొట్టుకుంటుంది. కొనేటప్పుడు చూడాల్సినవి: పైగుడ్డ నీరు చొరనిది కావాలి, "వాటర్ రెసిస్టెంట్" అని మాత్రమే ఉంటే సన్న జల్లుకే పనికొస్తుంది. తలకు అతికినట్టుండే హుడ్, తొడల సగం దాకా పొడవు, జిప్పు మీద గాలి ఆపే పట్టీ, ముంజేతి దగ్గర బిగింపు. లోపల స్వెట్టరు వేసుకుని తొడిగి చూసి, చేతులు పైకెత్తినప్పుడు నడుము బయటపడకుండా ఉంటేనే తీసుకోవాలి. మసాచుసెట్స్‌లో 175 డాలర్ల లోపు బట్టకు అమ్మకం పన్ను లేదు, ఆపైన ఎక్కువైన మొత్తానికే పన్ను. నవంబరు చివరి వారంలో ధరలు బాగా తగ్గుతాయి. అప్పటిదాకా గడవడానికి ఒక గాలి ఆపే జాకెట్, రెండు స్వెట్టర్లు చాలు.

ఇక్కడి నుంచి పంపాల్సింది లోపలి బట్టలు. ఒంటికి అతుక్కునే థర్మల్స్ మూడు జతలు, మెరీనో ఉన్నివో పాలిస్టర్‌వో. కాటన్ బనియన్లు వద్దు. బరువైన కోటుతో రైలు కోసం పరుగెత్తితే చెమట పడుతుంది, కాటన్ దాన్ని పీల్చుకుని ఒంటికి అంటుకుంటుంది, ప్లాట్‌ఫాం మీద పది నిమిషాలు నిలబడేసరికి ఆ తడే వణుకు పుట్టిస్తుంది. థర్మల్ మీద ఫ్లీస్ (నూగుగా ఉండే మెత్తటి స్వెట్టరు లాంటిది), దాని మీద కోటు. తరగతి గదుల్లో హీటింగ్ ఎక్కువగా ఉంటుంది, పొరలుగా ఉంటే విప్పుకోవచ్చు. మంకీ క్యాప్ నిరభ్యంతరంగా పెట్టండి. చెవులు, మెడ కప్పేది ఏదైనా అక్కడ అక్కరకొస్తుంది.

కోటు కంటే బూట్లు ముఖ్యం, ఇది నొక్కి చెబుతున్నాం. మంచు ఆగిన మర్నాడు వీధి మలుపులో, కాలిబాట రోడ్డులోకి దిగే చోట, బూడిద రంగు మెత్తటి మంచు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అడుగు వేస్తే చీలమండ దాకా మంచునీళ్లు. స్పోర్ట్స్ షూతో అందులో దిగితే ఆ రోజంతా పాదాలు తడే. చీలమండ దాటి పైకి వచ్చే, నీరు పట్టని, కింద గాడులున్న మెత్తని రబ్బరు అట్ట ఉన్న బూట్లు కావాలి. ఉన్ని మేజోళ్లు పట్టేలా అర సైజు పెద్దవి తీసుకోవాలి. బిగుతుగా ఉంటే నెత్తురు సరిగా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పలుచని పొర నల్లటి తారు మీద అసలు కనపడదు. దాని మీద చిన్న చిన్న అడుగులు, మోకాళ్లు కాస్త వంచి, పాదం మొత్తం ఒకేసారి ఆనించి నడవాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. గొడుగు మీద డబ్బు పెట్టొద్దు. ఈశాన్యం గాలికి మొదటి రోజే తిరగబడుతుంది.

ఇల్లు చూసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "హీట్, హాట్ వాటర్ అద్దెలో కలిసాయా?" అన్నది. కలవకపోతే జనవరి, ఫిబ్రవరి బిల్లులు అద్దె లెక్కనే మార్చేస్తాయి, పాత చెక్క ఇళ్లలో మరీ. ఎవరు కట్టినా, సెప్టెంబరు 15 నుంచి మే 31 దాకా పొద్దున 7 నుంచి రాత్రి 11 వరకు గదుల్లో కనీసం 20 డిగ్రీలు, రాత్రి 18 డిగ్రీలు వచ్చేలా హీటింగ్ పనిచేయించి పెట్టడం ఇంటి యజమాని బాధ్యత, రాష్ట్ర నియమావళి అది. పనిచేయకపోతే ముందు రాసి చెప్పాలి, కదలిక లేకపోతే నగరపాలక సంస్థ నంబరు 311కు ఫిర్యాదు చేయాలి. గదిలో ఒక థర్మామీటరు పెట్టుకుని తేదీ, వేళతో ఫోటోలు తీసి ఉంచితే మాటకు బలం వస్తుంది. తూర్పు బోస్టన్‌లోనో రేవు దగ్గరో నేలమాళిగ గది చవకగా వస్తే వద్దనండి. 2018 జనవరి 4న ఆటుపోటు, తుపాను కలిసి వచ్చి నీటిమట్టం 1978 నాటి రికార్డును దాటింది. అక్వేరియం మెట్రో స్టేషన్ మెట్ల మీదుగా సముద్రపు నీరు లోపలికి దిగింది.

హీటింగ్ గదిలో పొడిదనం మన కోస్తా వాళ్లకు పూర్తిగా కొత్త. మైనస్ 10 దగ్గర ఘనమీటరు గాలి పట్టుకోగలిగేది రెండు గ్రాముల పైచిలుకు ఆవిరి. అదే గాలి గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాములు పట్టగలదు, ఉన్నది మాత్రం ఆ రెండే. అంటే తేమ 14 శాతం లోపు. పెదాలు చిట్లడం, ముక్కులోంచి నెత్తురు, ఉన్ని తాకితే చురుక్కుమనడం అన్నీ దీనివల్లే. గాలికి తేమ కలిపే చిన్న యంత్రం, హ్యూమిడిఫయర్, కొనుక్కుని తేమ 30, 40 శాతం మధ్య ఉంచుకోవాలి. అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు పట్టి గోడలకు బూజొస్తుంది. స్నానమైన వెంటనే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే నూనో క్రీమో రాసుకోవాలి. కొబ్బరినూనె అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉంటుంది, వెడల్పు మూతి డబ్బాలో పోసుకోమనండి.

ఇడ్లీ పిండి సంగతీ చెప్పాలి, అందరూ నవంబరులో అడిగేది ఇదే. 20 డిగ్రీల గదిలో పిండి రాత్రికి రాత్రి పొంగదు. ఓవెన్ వెలిగించకుండా, లోపలి బల్బు మాత్రం వేసి, మూత వదులుగా పెట్టి ఉంచితే 10 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. గిన్నె సగం కంటే నింపొద్దు, కింద పళ్లెం పెట్టాలి. "లోపల పిండి ఉంది" అని ఓవెన్ తలుపుకు ఒక చీటీ అంటించాలి, గదిలో ఉండే ఇంకొకరు చూసుకోకుండా వెలిగించడం తరచూ జరిగే పొరపాటు.

ఇప్పుడు మీ ప్రయాణం. ఏప్రిల్ అంటే మనకు మండుటెండ. బోస్టన్‌లో పగలు సగటు 13, 14. సముద్రం అప్పటికి 7, 8 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం 20 ఉండి ఎండ కాస్తుంటే, గాలి తూర్పుకు తిరిగిన గంటలోపే ఎనిమిది పది డిగ్రీలు పడిపోతుంది, ఉన్నట్టుండి పొగమంచు కూడా కమ్మొచ్చు. ఏప్రిల్ మూడో సోమవారం జరిగే మారథాన్‌ను చూడండి. 2012లో 30 డిగ్రీల ఎండకు పరుగు వాయిదా వేసుకొమ్మని నిర్వాహకులే చెప్పారు. 2018లో అదే వీధుల్లో నాలుగైదు డిగ్రీల చలిలో, ఎదురుగాలిలో, జడివానలో పరిగెత్తారు. 1997లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో రెండడుగులకు పైగా మంచు పడింది. పైగా ఏప్రిల్ చివరి నుంచి మే అంతా బర్చ్, ఓక్ చెట్ల పుప్పొడి రాలే కాలం, కార్ల మీద పసుపు చల్లినట్టు పేరుకుంటుంది. మీవారి ఉబ్బసానికి అది మంచి సమయం కాదు. చల్లని తూర్పు గాలి, పుప్పొడి రెండూ కలిసే నెలలను కోరి ఎంచుకోవడం మాకు సమ్మతం కాదు.

జూలై, ఆగస్టుల్లో పగలు 27, 28 సగటు. మీకు తేలికే. అయితే వరసగా మూడు రోజులు 32 దాటే వడగాలులు చాలా ఏళ్లలో వస్తాయి, చాలా పాత ఇళ్లలో ఏసీ ఉండదు. కిటికీకి బిగించే ఏసీ ఉందో లేదో అమ్మాయినడగండి. వాన విషయానికొస్తే అక్కడ వర్షాకాలమంటూ వేరుగా లేదు. ఏడాదికి దాదాపు 1,100 మిల్లీమీటర్లు, మన విశాఖకు ఇంచుమించు సమానం, కానీ పన్నెండు నెలలకూ పంచినట్టు పడుతుంది. ఏ నెల వెళ్లినా హుడ్ ఉన్న వానకోటు ఒకటి కావాలి.

మా మాట వింటే సెప్టెంబరు మూడో వారంలో దిగి అక్టోబరు 20 ప్రాంతాల్లో బయల్దేరండి. సెప్టెంబరు 1న ఊళ్లో చాలా అద్దె ఇళ్లు చేతులు మారతాయి, ఆ హడావిడి అప్పటికి సద్దుమణుగుతుంది. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి ఆగస్టు మధ్యలో మొదలై సెప్టెంబరు మొదటి సగం దాటాక తగ్గుముఖం పడుతుంది. పుప్పొడికి మీవారికి తుమ్ములు, ఆయాసం ఎక్కువైతే ఈ పేరు చెప్పి డాక్టరు సలహా తీసుకోండి. పగలు ఒక స్వెట్టరు, సాయంత్రం దాని మీద జాకెట్ చాలు. నేల పొడిగా ఉంటుంది కాబట్టి మోకాళ్లకూ భయం లేదు. ఇన్‌హేలర్ బయటి జేబులో కాక చొక్కా లోపలి జేబులో పెట్టుకోమనండి, డబ్బా చల్లబడితే మందు సరిపడా రాదు. రెండో ఏడాది అమ్మాయికి పట్టా ఇచ్చే సభ మే నెలలో ఉండి తప్పక వెళ్లాల్సి వస్తే, టికెట్ ఆ తేదీకి రెండు మూడు రోజుల ముందుకే తీసుకుని జూన్ నెలాఖరు దాకా ఉండండి. ఆ సభలో ఆరుబయట కుర్చీల్లో కూర్చోబెడితే తూర్పు గాలికి నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. చెరొక శాలువా, ఒక మందపాటి దుప్పటి చేతి సంచీలో పెట్టుకెళ్లండి.